కొత్త 26 సీసీ పెట్రోలు ఇంజిన్: రన్నింగ్‌లో పెట్టడం, కార్బ్యురేటర్ సర్దడం

ఐదో వంతు · హైదరాబాద్ · 2025 మే 4

నమస్కారం. అసలు కారులో ఐదో వంతు కొలత ఉండే, రిమోట్‌తో నడిపే పెట్రోలు బగ్గీ ఒకటి, ఇంజిన్ లేనిది, పాతది కొన్నాను. ఛాసిస్, షాకులు, గేర్లు అన్నీ విప్పి శుభ్రం చేసి మళ్ళీ బిగించడానికి రెండు నెలలు పట్టింది. దానికి జెనోవా జీ260 రకం కొత్త ఇంజిన్ నిన్న చేతికి వచ్చింది. 25.4 సీసీ, మనందరం 26 అనేదే. పెట్రోలును గాలితో కలిపి ఇచ్చేది వాల్‌బ్రో కంపెనీ కార్బ్యురేటర్, తాడు లాగి స్టార్ట్ చేసే రకం.

ఇంతవరకు నేను నడిపినవన్నీ బ్యాటరీ బండ్లే. ఎంతో ఇష్టపడి కొనుక్కున్న ఇంజిన్‌ను తెలియనితనంతో మొదటి రోజే పాడు చేయకూడదని ముందుగా అడుగుతున్నాను. రన్నింగ్‌లో ఎలా పెట్టాలి? ఆయిలు ఎంత కలపాలి? కార్బ్యురేటర్ మీద ఎల్ (తక్కువ వేగానికి), హెచ్ (ఎక్కువ వేగానికి) అని పెట్రోలు సర్దే రెండు స్క్రూలు ఉన్నాయి, వాటిని ఇప్పుడే తిప్పాలా? వచ్చే ఆదివారం ఉదయం స్టార్ట్ చేయాలని ఉంది. మా కాలనీ వెనక మైదానం ఆ వేళకు ఖాళీగా ఉంటుంది.

మిథనాల్ మనిషి · కరీంనగర్ · మే 4

అభినందనలు. ఏడేళ్లుగా నైట్రో బండ్లు (మిథనాల్, నైట్రోమీథేన్ కలిపిన ఇంధనంతో నడిచేవి) నడుపుతున్నాను, నాకు తెలిసిన పద్ధతి చెబుతాను. బండిని ఇటుకల మీద ఎత్తి పెట్టండి, చక్రాలు గాలిలో ఉండాలి. మొదటి ఐదు ట్యాంకులు ఐడిల్‌లోనే కాల్చండి. ట్యాంకుకూ ట్యాంకుకూ మధ్య పూర్తిగా చల్లారనివ్వండి. చల్లారేటప్పుడు పిస్టన్ కింది చివర ఉండేలా ఫ్లైవీల్ తిప్పి పెట్టండి. నా ఇంజిన్లన్నీ ఇలాగే మొదలుపెట్టాను, ఒక్కటీ పట్టేయలేదు.

పదో నంబరు పానా · తెనాలి · మే 5

మిథనాల్ మనిషి గారు చెప్పింది నైట్రోకు సరైన పద్ధతి. ఈ ఇంజిన్‌కు అది నప్పదు. రెండూ టూ స్ట్రోకులే అయినా సిలిండర్ లోపల సంగతి వేరు.

చిన్న నైట్రో ఇంజిన్లలో సాధారణంగా రింగు ఉండదు. ఇత్తడి స్లీవు, దానికి క్రోమ్ పూత, అందులో అల్యూమినియం పిస్టన్. స్లీవు పైకి వెళ్ళే కొద్దీ కాస్త సన్నబడుతుంది కాబట్టి చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ పైన బిగుసుకుంటుంది, వేడెక్కితే వదులవుతుంది. వేడి చేయడం, చల్లార్చడం, పిస్టన్‌ను కిందికి దించి ఉంచడం, ఇవన్నీ ఆ బిగువు కోసం పుట్టిన జాగ్రత్తలు.

మీ పెట్రోలు ఇంజిన్‌లో బోరు 34 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 28. పైన ఇరుక్కునే బిగువు లేదు, పిస్టన్‌కు రింగు ఉంది. ఆ రింగు సిలిండర్ గోడకు ఒరుసుకుంటూ కుదురుకోవడమే రన్నింగ్ అంటే. దాన్ని గోడకు అదిమేది రింగు సొంత బలం ఒక్కటే కాదు, మండిన వాయువు రింగు వెనక్కి దూరి బయటికి నెడుతుంది. ఐడిల్‌లో ఆ ఒత్తిడి ఎంత ఉంటుంది? నామమాత్రం. గంటల తరబడి ఐడిల్‌లో ఉంచితే రింగు కుదురుకోదు, ఆయిలు సరిగా కాలక ప్లగ్గు నల్లగా తడిసిపోతుంది, సైలెన్సర్ నోట్లో జిడ్డు పేరుకుంటుంది.

నా దుకాణానికి పురుగుమందు కొట్టే తైవాన్ స్ప్రేయర్లు, బ్రష్ కట్టర్లు వస్తాయి. ఇరవై ఆరేళ్లుగా అదే పని. మీ బగ్గీ మీద ఉన్నదీ ఆ కుటుంబానికి చెందిన ఇంజినే, కార్బ్యురేటర్ కూడా అదే జాతి. కొత్త స్ప్రేయర్‌ను రైతు మొదటి రోజే భుజానికి తగిలించుకుని పొలంలోకి దిగుతాడు. రేస్ ఇస్తాడు, తగ్గిస్తాడు, గట్టు మీద ఆగుతాడు, మళ్ళీ ఇస్తాడు. అలా పనిలో పడ్డ ఇంజిన్లు ఏళ్ల తరబడి నడవడం చూశాను. మీరూ అలాగే నేల మీద నడపండి.

స్టార్ట్ అయ్యాక రెండు మూడు నిమిషాలు వేడెక్కనివ్వండి. మొదటి ట్యాంకులో సగం రేస్ దాటకుండా, ఒకే వేగం మీద నిలపకుండా పెంచుతూ తగ్గిస్తూ తిప్పండి. రెండో ట్యాంకు నుంచి రెండేసి సెకన్లు పూర్తి రేస్ ఇచ్చి వదలవచ్చు. నాలుగైదు ట్యాంకులయ్యేసరికి తాడు లాగేటప్పుడు కంప్రెషన్ పెరిగినట్టు చేతికే తెలుస్తుంది. చక్రాలు గాలిలో ఉండగా మాత్రం రేస్ ఇవ్వకండి. మోయడానికి బరువు లేకపోతే ఇంజిన్ క్షణంలో హద్దు దాటి తిరుగుతుంది, ఆ దెబ్బ కనెక్టింగ్ రాడ్డు బేరింగు మీద పడుతుంది.

ఎల్, హెచ్ స్క్రూలు మాన్యువల్‌లో చెప్పిన చోటే ఉన్నాయో లేదో చూడండి. ఈ కార్బ్యురేటర్లకు ఎల్ సుమారు 1¼ చుట్లు, హెచ్ సుమారు 1½ చుట్లు తెరిచి ఉండటం మామూలు. చూడటానికి లోపలికి తిప్పేటప్పుడు ఆగిన చోట ఆపండి. బలం పెడితే సూది మొన నలుగుతుంది, ఇక ఆ కార్బ్యురేటర్ ఎప్పటికీ నిలకడగా ఉండదు.

ఇంకొక మాట. కార్బ్యురేటర్‌కూ సిలిండర్‌కూ మధ్య ఉండే గ్యాస్కెట్లలో చిన్న రంధ్రం ఉంటుంది. క్రాంక్ కేసులోని ఒత్తిడి ఆ రంధ్రం గుండానే వచ్చి పెట్రోలు పంపు పొరను ఆడిస్తుంది. గ్యాస్కెట్ తిరగేసి వేస్తే రంధ్రం మూసుకుపోయి పెట్రోలే రాదు. బిగించే ముందు వెలుతురులో పెట్టి చూసుకోండి.

మిథనాల్ మనిషి · కరీంనగర్ · మే 5

ఇంత వివరంగా ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు, ధన్యవాదాలు పానా గారూ. నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను. ఐదో వంతు గారూ, ఇటుకలు పక్కన పెట్టేయండి.

ఎర్రమట్టి ట్రాక్ · డాలస్ · మే 6

ఆయిలు గురించి నా మాట. జెనోవా వాళ్ళు ఈ రిమోట్ బండ్ల ఇంజిన్లకు చెప్పేది 25కు 1. అంటే లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్లు. గాలితో చల్లారే ఇంజిన్లకు చేసిన మంచి టూ స్ట్రోక్ ఆయిలు తీసుకోండి, డబ్బా మీద జాసో ఎఫ్‌డీ అనే జపాన్ నాణ్యతా గుర్తు చూడండి. పడవల ఇంజిన్లకు అమ్మే ఆయిలు వద్దు, అవి నీటితో చల్లారే ఇంజిన్ల కోసం.

ఇక్కడ చెట్లు కోసే రంపాల కోసం ఇథనాల్ లేని పెట్రోలులో ఆయిలు ముందే కలిపి డబ్బాల్లో అమ్ముతారు. వాడకానికి సుఖం. కానీ అవి ఎక్కువగా 50కు 1, లేదా 40కు 1. లేబుల్ చదవకుండా కొత్త ఇంజిన్‌లో పోసినవాళ్ళను ట్రాక్ మీద చూశాను. అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఎవరైనా చదువుతుంటే ఇది గుర్తుంచుకోండి.

వరంగల్ వేగం · హనుమకొండ · మే 6

40 మిల్లీలీటర్లు మరీ ఎక్కువ కాదా? మా నాన్నగారి చేతక్ స్కూటర్‌కు బంకులో లీటరుకు 20 మిల్లీలీటర్ల టూటీ ఆయిలు కలిపేవారట, పాతికేళ్ళు నడిచిందట. ఎక్కువ ఆయిలు పోస్తే పొగ, జిడ్డు తప్ప ఏమొస్తుంది? నేను 40కు 1 వాడుతున్నాను, ఇంజిన్ చురుగ్గా ఉంది.

పదో నంబరు పానా · తెనాలి · మే 6

వేగం తమ్ముడూ, చేతక్ ఇంజిన్ నిమిషానికి అయిదారు వేల చుట్లకు మించి అరుదుగా తిరుగుతుంది. ఈ బగ్గీలో క్లచ్ పట్టడమే ఆరేడు వేల దగ్గర మొదలవుతుంది, అక్కడి నుంచి పైకి. ఒకే కొలత ఆయిలు రెండింటికీ చాలదు.

లెక్క కూడా చూడు. 25కు 1 కలిపిన డబ్బాలో పెట్రోలు వాటా 96 శాతం, 50కు 1లో 98. ఆయిలు పెంచితే ఆ మేరకు పెట్రోలు తగ్గి మిశ్రమం పలచబడుతుంది (గాలికి పెట్రోలు చాలదు), తగ్గిస్తే చిక్కబడుతుంది (పెట్రోలు ఎక్కువవుతుంది). అందుకే ఆయిలు కొలత మార్చిన ప్రతిసారీ స్క్రూలు మళ్ళీ చూసుకోవాలి. ఒక కొలత పట్టుకుని దానిమీదే ఉండటం మేలు. కొత్త ఇంజిన్‌కు 40 మిల్లీలీటర్లే పోయండి, కళ్ళ అంచనాతో కాదు, మందు కొలిచే సిరంజితో.

ఆయిలు కన్నా నాకు ఎక్కువ బెంగ పెట్రోలు గురించి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. మామూలు పెట్రోలు ఒక కిలో మండటానికి 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌లో ప్రాణవాయువు ముందే ఉంటుంది కాబట్టి 20 శాతం కలిసిన దానికి 13.5 కిలోలు చాలు. కార్బ్యురేటర్‌కు ఈ సంగతి తెలియదు కదా, అది పాత లెక్కనే పోస్తుంది. ఫలితంగా మాన్యువల్ చెప్పిన చోట స్క్రూ పెట్టినా ఇంజిన్ పలచగా నడుస్తుంది. హెచ్ స్క్రూను చుట్టులో ఎనిమిదో వంతు ఎక్కువ తెరిచి మొదలుపెట్టండి.

రెండోది నీరు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. హద్దు దాటితే నీరు, ఇథనాల్ కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతాయి. ఆయిలు మాత్రం పైన పెట్రోలులోనే ఉండిపోతుంది. ట్యాంకులోని పైపు చివర ఉండే బరువు గుండు పీల్చేది అడుగు నుంచే. అంటే ఇంజిన్‌కు వెళ్ళేది ఆయిలు లేని ద్రవం! వానాకాలం మూలన పెట్టిన స్ప్రేయర్‌ను తీసి లాగగానే పట్టేసిందని వచ్చే రైతులకు నేను ఇదే చెబుతుంటాను. ఆ రోజుకు కావలసినంతే కలపండి. ఆట అయిపోగానే ట్యాంకు వంపేసి, ఇంజిన్ దానంతట అది ఆగేదాకా నడపండి.

సాగర గాలి · విశాఖపట్నం · మే 7

ఇంజిన్ మాటల్లో ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. ఇది పది కిలోల పైబడిన బండి, మనిషి పరుగెత్తి ఆపలేడు. స్టార్ట్ చేసే ముందు రిసీవర్‌లో ఫెయిల్‌సేఫ్ పెట్టండి, అంటే రిమోట్ సిగ్నల్ పోతే బండి తనంతట ఆగే ఏర్పాటు. ఇంజిన్ ఆగి ఉండగానే ట్రాన్స్‌మిటర్ ఆఫ్ చేసి చూడండి, సర్వో (రేస్, బ్రేకు కదిపే చిన్న మోటారు) తనంతట తాను బ్రేకు వైపు వెళ్ళాలి. వెళ్ళకపోతే ఆ రోజు తాడు లాగవద్దు. రిమోట్‌తో ఇంజిన్ ఆపే స్విచ్ కూడా వేయించుకోండి, బండి ధరలో అది చాలా చిన్న ఖర్చు. మా దగ్గర ఒకసారి రిసీవర్ బ్యాటరీ అయిపోయి బండి జనం వైపు దూసుకెళ్ళింది. గోడకు తగిలి ఆగింది కాబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి మా బృందంలో ఈ పరీక్ష చేయని బండిని దింపనివ్వం.

వేడి ఇంజిన్ మీద పెట్రోలు పోయవద్దు. షెడ్డులో తలుపులు మూసి నడపవద్దు.

ఐదో వంతు · హైదరాబాద్ · మే 11

ఈ ఉదయం స్టార్ట్ చేశాను!

ముందు మీరందరూ చెప్పినవి. ఫెయిల్‌సేఫ్ మొదట పెట్టనే లేదు, నిన్న రాత్రి పెట్టి మూడుసార్లు పరీక్షించాను. గ్యాస్కెట్ రంధ్రాలు సరిగ్గానే ఉన్నాయి. ప్లగ్గు సందు ఫీలర్ గేజీతో 0.65 పెట్టాను, మాన్యువల్‌లో 0.6 నుంచి 0.7 అని ఉంది.

ఇథనాల్ సంగతి నా కళ్ళతో చూడాలనిపించింది. మా అమ్మాయి సైన్సు పెట్టెలోంచి 100 మిల్లీలీటర్ల కొలత గొట్టం తీసుకుని 10 గీత దాకా నీళ్ళు, నీలి సిరా చుక్క, ఆపైన 100 గీత దాకా బంకు పెట్రోలు పోశాను. మూత బిగించి కుదిపి, ఆరు బయట గోడ మీద పెట్టాం. పావుగంటకు తేరుకుంది. నీలం నీళ్ళు 10 గీత దగ్గర ఉండాల్సింది 27 దాకా పెరిగాయి! 90 మిల్లీలీటర్ల పెట్రోలులోంచి 17 మిల్లీలీటర్లు నీళ్ళలోకి దిగిపోయిందన్న మాట. పానా గారు చెప్పిన 20 శాతానికి దగ్గరే. అమ్మాయి ఆ గొట్టాన్ని చాలాసేపు చూస్తూ నిలబడింది. ట్యాంకు అడుగున ఏం జరుగుతుందో నాకూ అప్పుడే నిజంగా అర్థమయింది.

చోక్ వేసి, పెట్రోలు లాగే రబ్బరు బల్బు నొక్కి పైపులో పెట్రోలు కనిపించాక తాడు లాగాను. నాలుగో లాగుకు ఒక్కసారి టప్ మంది. చోక్ తీశాను. ఆ తర్వాత రెండో లాగుకు అందుకుంది. రెండు ట్యాంకులు నడిపాను. పొగ బాగా ఉంది, రేస్ ఇస్తే బుడబుడమంటూ లేస్తోంది, చురుకు లేదు. ఇది మామూలేనా?

పదో నంబరు పానా · తెనాలి · మే 11

మామూలే. ఇప్పుడు చిక్కగా ఉంది, అలాగే ఉండనివ్వండి. నాలుగు ట్యాంకులయ్యే దాకా స్క్రూల జోలికి పోవద్దు.

ఐదో వంతు · హైదరాబాద్ · మే 25

ఆరు ట్యాంకులు పూర్తయ్యాయి. కంప్రెషన్ పెరిగింది, తాడు లాగుతుంటే వేళ్ళకు తెలుస్తోంది. సైలెన్సర్ మూతి దగ్గర జిడ్డు తగ్గింది. ఇప్పుడు సర్దడం చెప్పండి పానా గారూ. అంకెలు చెబితే అలాగే పెట్టేస్తాను.

పదో నంబరు పానా · తెనాలి · మే 26

అంకెలు చెప్పను, చెవులతో ఎలా సర్దాలో చెబుతాను. నా చుట్లు మీ కార్బ్యురేటర్‌కు పనికిరావు. ఒకే ఫ్యాక్టరీ, ఒకే రోజు తయారైనవైనా రెండు కార్బ్యురేటర్లు ఒక్కలా కూర్చోవు.

ముందు గాలి ఫిల్టరు కడిగి, నూనె పట్టించి, ఆరనిచ్చి వేయండి. మురికి ఫిల్టరుతో సర్దిన ఇంజిన్ శుభ్రమైన ఫిల్టరు వేయగానే పలచబడుతుంది. తర్వాత పది నిమిషాలు నడిపి ఇంజిన్‌ను బాగా వేడెక్కించండి. చల్లని ఇంజిన్ మీద సర్దింది ఏదీ నిలవదు.

మొదట ఎల్. ఐడిల్‌లో ఉండగా ఎల్ స్క్రూను మెల్లగా లోపలికి తిప్పండి. చుట్లు పెరుగుతాయి, ఇంకా తిప్పితే తడబడి ఆగబోతుంది. ఆ చోటు గుర్తు పెట్టుకోండి. ఇప్పుడు బయటికి తిప్పుతూ పోండి, గొంతు బరువెక్కి ముక్కుతూ మళ్ళీ తడబడుతుంది. ఈ రెండింటి మధ్య ఐడిల్ అన్నిటికన్నా వేగంగా ఉన్న చోటు ఒకటి దొరుకుతుంది. అక్కడి నుంచి ఎనిమిదో వంతు బయటికి. గడియారం మీద చెప్పాలంటే ముల్లు పన్నెండు నుంచి ఒకటిన్నరకు జరిగినంత. తర్వాత ఐడిల్ స్క్రూతో చుట్లు తగ్గించండి, చక్రాలు కదలకూడదు.

ఇప్పుడు రేస్ ఒక్కసారిగా ఇచ్చి చూడండి. ఖాళీగా కాదు, నేల మీద. ఉలిక్కిపడినట్టు ఆగి, ఆపైన అందుకుంటే ఎల్ పలచన. ముక్కుతూ పొగ వదిలి అందుకుంటే చిక్కన. రెండూ లేకుండా వెంటనే అందుకోవాలి.

ఆ తర్వాత హెచ్. దీనికి నిడుపైన మైదానం కావాలి. బండిని దూరం నుంచి మీ ముందుగా పూర్తి రేస్‌లో పోనివ్వండి, కళ్ళు మూసుకున్నా ఫరవాలేదు అన్నంత శ్రద్ధగా వినండి. బండి మాత్రం పక్కనున్న స్నేహితుడు చూసుకోవాలి. చిక్కగా ఉన్న ఇంజిన్ పూర్తి రేస్‌లో కూడా బుడబుడమంటుంది. మిశ్రమం ఎక్కువై ఒక చుట్టు మండుతుంది, ఒక చుట్టు తప్పుతుంది. టూ స్ట్రోక్ ఇంజిన్ ఫోర్ స్ట్రోక్ గొంతుతో పలుకుతుంది. హెచ్‌ను ఎనిమిదో వంతు లోపలికి తిప్పి మళ్ళీ పోనివ్వండి. ఏదో ఒక దఫాకు ఆ బుడబుడ తెగిపోయి గొంతు ఒక్కటే తీగలా సాగుతుంది. అది వినగానే అక్కడ ఆగి, ఎనిమిదో వంతు వెనక్కి బయటికి తిప్పండి. పూర్తి రేస్‌లో తీగ మీద ఆ బుడబుడ అప్పుడప్పుడు తొంగి చూడాలి. ఆ కాస్త చిక్కదనమే పిస్టన్‌కు చల్లదనం, బేరింగులకు ఆయిలు. చివరగా ఎల్ మళ్ళీ ఒకసారి చూడండి, ఈ కార్బ్యురేటర్లలో ఒక స్క్రూ ప్రభావం రెండోదాని మీద కొంత పడుతుంది.

ఒక గుర్తు మరవకండి. పూర్తి రేస్ తర్వాత వదిలేస్తే చుట్లు వెంటనే పడిపోవాలి. పడకుండా పైనే వేలాడితే పలచగా ఉందని, లేదా ఎక్కడో గాలి లోపలికి దూరుతోందని అర్థం. వెంటనే ఆపండి. ఇంకొక రౌండు చూద్దాం అనుకున్నవాళ్ళ పిస్టన్లు నా బల్ల మీదికి వచ్చాయి, ఎగ్జాస్టు వైపు నిలువు గీతలతో.

వరంగల్ వేగం · హనుమకొండ · మే 26

పానా అన్నా, నేను ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూసి సర్దుతాను. అది తప్పా?

ఎర్రమట్టి ట్రాక్ · డాలస్ · మే 27

తప్పు కాదు, కానీ ఒక్క అంకెను నమ్మకు. మెరిసే అల్యూమినియం మీద ఆ పరికరం అసలు కన్నా తక్కువ చూపిస్తుంది. ప్లగ్గు మొదట్లో వేడిని తట్టుకునే నల్ల రంగు చుక్క ఒకటి పెట్టి, ఎప్పుడూ దాని మీదే, అదే దూరం నుంచి చూడు. నిన్నటి కన్నా ఈ రోజు 20 డిగ్రీలు ఎందుకు పెరిగిందని అడగడానికి అది బాగా పనికొస్తుంది. మా ఊరిలోనూ మొదట గొంతు విని, తర్వాత ప్లగ్గు రంగు చూసి, ఆ తర్వాతే థర్మామీటర్ తీస్తారు.

ఐదో వంతు · హైదరాబాద్ · జూన్ 1

మూడు ఆదివారాలు పడుతుందనుకున్నాను, ఈ మధ్యాహ్నం రెండు గంటల్లో అయింది. 38 డిగ్రీల ఎండ. మా బావ బండి చూసుకుంటుంటే నేను విన్నాను. నాలుగో దఫాకు బుడబుడ తెగింది, పానా గారు తీగ అన్నది ఏమిటో అప్పుడు తెలిసింది. ఎనిమిదో వంతు వెనక్కి వచ్చాను. ఎల్ 1¼కు కాస్త లోపల, హెచ్ 1⅜ దగ్గర కుదిరింది. ప్లగ్గు తీసి చూస్తే పింగాణీ లేత టీ రంగులో ఉంది. రేస్ వదలగానే చుట్లు రాయిలా పడుతున్నాయి. అందరికీ కృతజ్ఞతలు.

ఐదో వంతు · విశాఖపట్నం నుంచి · డిసెంబరు 21

మళ్ళీ ఇబ్బంది వచ్చింది. వానల్లో బండి తీయలేదు. సెలవులకు విశాఖలో తమ్ముడి ఇంటికి వస్తూ వెంట తెచ్చాను. ఈ ఉదయం ఏడింటికి మైదానంలో దింపాను. స్క్రూలు జూన్‌లో పెట్టిన చోటే ఉన్నాయి. గొంతు ఎన్నడూ లేనంత పదునుగా ఉంది, చాలా వేగంగా పోయింది. రెండో దఫాకు రేస్ వదిలితే చుట్లు పడలేదు, పైనే వేలాడాయి. వెంటనే రిమోట్ స్విచ్‌తో ఆపేశాను. ఇంజిన్ తిరుగుతోంది, పట్టేయలేదు. ఏం చేయాలి?

సాగర గాలి · విశాఖపట్నం · డిసెంబరు 21

ఆపి మంచి పని చేశారు. మా ఊరికే వచ్చారు, చెప్పి ఉంటే నేనూ వచ్చేవాణ్ని.

కారణాల్లో ఒకటి నాకు స్పష్టంగా కనిపిస్తోంది. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉంది, మీరు ఇప్పుడు సముద్రం పక్కన ఉన్నారు. అక్కడి కన్నా ఇక్కడ గాలి ఒత్తిడి సుమారు 6 శాతం ఎక్కువ. మీరు సర్దింది 38 డిగ్రీల ఎండలో, ఈ ఉదయం ఇక్కడ 19. రెండూ కలిపితే గాలి 12 శాతం దాకా చిక్కబడింది. కార్బ్యురేటర్ ఆ తేడాను పూర్తిగా అందుకోలేదు కాబట్టి మిశ్రమం పలచబడింది. ఆ పదును గొంతు, ఆ వేగం దాని గుర్తులే. హైదరాబాద్, బెంగళూరు నుంచి వచ్చేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే, బండి దింపే ముందు రెండు స్క్రూలూ ఎనిమిదో వంతు తెరవండి.

ఇంకో విన్నపం. ఎవరైనా ఎర్రమట్టి దిబ్బల వైపు వెళ్దామంటే వెళ్ళకండి. వేల ఏళ్ళ నాటి ఇసుక పొరలు అవి, రక్షిత ప్రదేశం. చక్రాల బండ్లకు అది చోటు కాదు.

పదో నంబరు పానా · తెనాలి · డిసెంబరు 21

సాగర గాలి గారు చెప్పింది అక్షరాలా నిజం. కానీ అదొక్కటే అనుకుని స్క్రూ తెరిచి ఊరుకోవద్దు. జూన్ తర్వాత బండి తీయలేదన్నారు. ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ ఆగేదాకా నడిపి పెట్టారా?

ముందు గాలి లీకు చూడండి. కార్బ్యురేటర్ బోల్టులు, సిలిండర్ వైపు బోల్టులు పానాతో తడిమి చూడండి. స్క్రూలు ఎనిమిదో వంతు తెరిచి, ఐడిల్‌లో ఉండగా ఆ అతుకుల మీద నీళ్ళు చిలకరించండి. చుట్లు మారితే అక్కడే లీకు. మారకపోతే కార్బ్యురేటర్‌కు నాలుగు స్క్రూలున్న పక్క మూత తీసి, లోపలి నల్ల పొరను బయటికి తీయండి. చెవి దగ్గర పెట్టి వేలితో మెల్లగా నొక్కండి. కొత్తది పట్టు గుడ్డలా చప్పుడు లేకుండా వంగుతుంది.

ఐదో వంతు · విశాఖపట్నం నుంచి · డిసెంబరు 22

ట్యాంకు ఖాళీ చేశాను, కానీ ఇంజిన్ ఆగేదాకా నడపలేదు. కార్బ్యురేటర్‌లో పెట్రోలు అలాగే ఉండిపోయింది.

బోల్టులు బిగువుగానే ఉన్నాయి. నీళ్ళు చిలకరించినా చుట్లు మారలేదు. పొర తీసి చెవి దగ్గర నొక్కాను. చిటపటమని ఎండుటాకు నలిగిన చప్పుడు! అంచు చుట్టూ గట్టిపడి, మధ్యలో ముడత పడి ఉంది. తమ్ముడు వినాలని అతని చెవి దగ్గరా నొక్కి చూపించాను.

పదో నంబరు పానా · తెనాలి · డిసెంబరు 22

అదే. ఆ పొర గాలి ఒత్తిడికి వంగి కింది మీటను నొక్కితేనే పెట్రోలు సూది తెరుచుకుంటుంది. గట్టిపడితే నొక్కాల్సినంత నొక్కదు. స్క్రూలు ఎంత తెరిచినా అవసరానికి పెట్రోలు అందదు. విశాఖలో స్ప్రేయర్లు, బ్రష్ కట్టర్లు బాగుచేసే దుకాణానికి పాత పొర తీసుకెళ్ళి అదే కొలతది అడగండి. రెండు పొరలు, రెండు గ్యాస్కెట్లు కలిపి ఒక పొట్లంలో వస్తాయి. పొర, గ్యాస్కెట్ విప్పిన వరసలోనే తిరిగి వేయండి, లోపలి మీట ఎత్తు మార్చవద్దు.

బిగించే ముందు సైలెన్సర్ విప్పండి. ఎగ్జాస్టు రంధ్రంలోంచి ఫోను లైటు వేసి, ఫ్లైవీల్ మెల్లగా తిప్పుతూ పిస్టన్ పక్క గోడ చూడండి. నిలువు గీతలున్నాయా? రింగు రంధ్రం ఎదురుగా వచ్చినప్పుడు చెక్క పుల్లతో నొక్కండి, లోపలికి వెళ్ళి తిరిగి రావాలి.

ఐదో వంతు · విశాఖపట్నం నుంచి · డిసెంబరు 24

పొరల పొట్లం దొరికింది. దుకాణం పెద్దాయన పాత పొరను ఒక్కసారి వంచి చూసి, అడగకుండానే సరైనది తీసి ఇచ్చారు.

సైలెన్సర్ విప్పి చూశాను. పిస్టన్ మీద ఫ్యాక్టరీలో లేత్ పట్టినప్పటి సన్నని అడ్డగీతలు ఇంకా కనిపిస్తున్నాయి. నిలువు గీత ఒక్కటీ లేదు. రింగును పుల్లతో నొక్కితే లోపలికి వెళ్ళి వెంటనే తిరిగి వచ్చింది.

ఈ ఉదయం సాగర గాలి గారు కూడా మైదానానికి వచ్చారు. మొదటి నుంచీ మళ్ళీ సర్దాం. ఎల్ 1⅜, హెచ్ 1⅝ దగ్గర కుదిరింది. ఆయన బండి తిప్పుతుంటే నేను విన్నాను. నిడుపు చివర, తీగ మీద బుడబుడ రెండుసార్లు పలికింది. రేస్ వదలగానే చుట్లు పడ్డాయి. ఇంటికి వచ్చే ముందు ట్యాంకు వంపి, ఇంజిన్ తనంతట తాను ఆగేదాకా నిలబడి ఉన్నాను.